డార్ట్‌మూర్ ఎందుకు ఖాళీగా ఉంది

ఇంగ్లండు నైరుతి మూలన, డెవన్ కౌంటీలో ఉన్న డార్ట్‌మూర్ గురించి పర్యాటక కరపత్రాలు తరచూ చెప్పే మాట ఒకటుంది: దక్షిణ ఇంగ్లండులో మనిషి చెయ్యి పడకుండా మిగిలిన చివరి సీమ ఇదేనని. ఆ కొండల మీద నడిచిన కొద్దీ ఈ మాట మీద నాకు అనుమానం పెరిగింది; ఇప్పుడది అభ్యంతరంగా మారింది. అక్కడి శూన్యం మనుషులు తయారు చేసినది. అడవి నరికి పొలాలు చేసి వదిలేశారు, తగరం తవ్వి వదిలేశారు, రాయి కొట్టి వదిలేశారు, ఖైదీలను తెచ్చిపెట్టి చివరికి వాళ్లనూ తరలించారు. ఈ సంగతి ఒప్పుకోకుండా ఆ నేలను ఎలా కాపాడాలని వాదించుకునేవాళ్లు, ఏ పక్షం వాళ్లైనా సరే, ఎన్నడూ లేని ఒక గతాన్ని కాపాడబోతున్నారని నేనంటాను. ప్రిన్స్‌టౌన్ ఊరి నుంచి దక్షిణంగానూ, అక్కడి నుంచే పడమరగానూ సాగే రెండు బాటలు ఇందుకు చాలినంత సాక్ష్యం ఇస్తాయి.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి. 1951లో జాతీయ వనంగా ప్రకటించిన 954 చదరపు కిలోమీటర్ల ప్రాంతమిది. అన్నిటికన్నా ఎత్తైన హై విల్‌హేస్ శిఖరం 621 మీటర్లే కనుక తూర్పు కనుమలు ఎక్కినవాళ్లకు ఇదీ ఒక కొండేనా అనిపిస్తుంది. కష్టమంతా గాలితో, తడితో వస్తుంది. అట్లాంటిక్ సముద్రం మీది నుంచి వచ్చే మబ్బులకు దారిలో తగిలే ఎత్తు నేల కావడంతో ప్రిన్స్‌టౌన్ చుట్టుపక్కల ఏడాదికి దాదాపు రెండు మీటర్ల వాన కురుస్తుంది. చెట్టు లేదు, నీడ లేదు, గాలికి అడ్డం లేదు. కాలి కింద మోకాలెత్తు గడ్డి దుబ్బులు, వాటి సందుల్లో నల్లటి పీట్ (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న మట్టి) బురద. దుబ్బు మీద అడుగు వేస్తే మడమ మెలిపడుతుంది, సందులో వేస్తే పిక్క దాకా దిగుతుంది. పొగమంచు దిగిందంటే పది నిమిషాల్లో ఎదుటి మిట్ట మాయమవుతుంది, మ్యాపూ దిక్సూచీ తప్ప దారి చెప్పేది ఇంకేదీ ఉండదు. అంత బోసి నేల మీద అక్కడక్కడ గుట్టల నెత్తిన పేర్చినట్టు నిలబడ్డ గ్రానైట్ బండలను అక్కడివాళ్లు టోర్ అంటారు. హైదరాబాదు వాళ్లకు వీటిని పరిచయం చేయనక్కరలేదు. మన బండలు 250 కోట్ల ఏళ్లవీ డార్ట్‌మూర్ రాయి దాదాపు 28 కోట్ల ఏళ్లదీ అయినా, రెండు చోట్లా జరిగిన పని చాలామటుకు ఒకటే: భూమి లోపలే పగుళ్ల వెంట రాయి కుళ్లిపోయి, పైమట్టి కొట్టుకుపోయాక గట్టి ముక్కలు ఒకదాని మీద ఒకటి మిగిలాయి. డార్ట్‌మూర్‌లో మంచుయుగపు చలి ఆ ముక్కలను ఇంకా చీల్చి వాలుల మీదికి దొర్లించింది.

నడక మొదలయ్యే ప్రిన్స్‌టౌన్ అందమైన ఊరు కాదు. అందంగా ఉందని ఎవరూ నటించరు కూడా. అప్పటి వేల్స్ యువరాజు దగ్గర కార్యదర్శిగా పనిచేసిన సర్ థామస్ టిర్విట్ 1785 నుంచి ఇక్కడ భూమి తీసుకుని, గోడలు కట్టి, అవిసె వేసి, ఈ బంజరును పంటపొలంగా మారుస్తానని బయలుదేరాడు. పంట పండలేదు. పండని చోటికి మనుషులను రప్పించడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం జైలు. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడ్డ ఫ్రెంచి సైనికులు ప్లిమత్ రేవులో పాత ఓడల్లో కిక్కిరిసి ఉన్న రోజులవి. 1806లో మొదలైన రాతి జైలులోకి 1809లో మొదటి ఖైదీలు వచ్చారు. 1812లో అమెరికాతో యుద్ధం మొదలయ్యాక అమెరికన్ నావికులూ వచ్చి చేరారు. ఆ అమెరికన్లలో నల్లజాతి వారిని నాలుగో నంబరు కట్టడంలో వేరుగా ఉంచారు. సంధి కుదిరి, ఓడల కోసం ఎదురుచూస్తున్న ఖైదీల మీద 1815 ఏప్రిల్ 6న కాపలా సైనికులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు. యుద్ధం ముగిశాక జరిగిన చావులు కావడం వల్లనో ఏమో, ఇంగ్లండు చరిత్ర పాఠాల్లో వీటికి చోటు తక్కువ. వ్యాధులతో పోయినవాళ్లు ఇంకా ఎందరో: వెయ్యికి పైగా ఫ్రెంచివాళ్లు, 270 మంది దాకా అమెరికన్లు. సరిగా పూడ్చని ఆ శరీరాల ఎముకలు గాలివానలకు బయటపడితే 1860లలో పోగుచేసి, జైలు వెనక రెండు చోట్ల పాతిపెట్టి రాతి స్తంభాలు నిలిపారు. ఊరి చర్చి కట్టినదీ ఈ ఖైదీలే.

1816లో యుద్ధఖైదీల జైలు మూతపడి, 1850లో మామూలు నేరస్థుల జైలుగా తెరుచుకుంది. ఊరి చుట్టూ ఈనాడు పచ్చగా కనిపించే పొలాలు, వాటి చుట్టూ బారులు తీరిన రాతిగోడలు ఆ శిక్షాఖైదీల చెమట. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టమని తిరస్కరించినవాళ్లను 1917లో ఇక్కడికి పంపి, తాళాలు తీసిన జైలు గదుల్లో ఉంచి మూర్ (చెట్లు లేని ఆ ఎత్తు బయలు) మీద పని చేయించారు. వాళ్ల చేత వేయించిన ఒక బాట బయలు నడుమ ఏ ఊరికీ చేరకుండా ఆగిపోతుంది. ఇక 2024లో జరిగినది వింటే టిర్విట్ ఏమనుకునేవాడో. గ్రానైట్‌లో సహజంగా ఉండే యురేనియం క్షయించే క్రమంలో వెలువడే రాడాన్ వాయువు జైలు గదుల్లో మితిమీరి ఉన్నట్టు తేలి, ఖైదీలందరినీ వేరే జైళ్లకు తరలించి, తాత్కాలికమంటూ మూసేశారు. మనుషులను బంధించడానికి ఏ రాయిని ఎంచుకున్నారో ఆ రాయే వాళ్లను బయటికి పంపింది. మరమ్మతుల ఖర్చు, తిరిగి తెరవడం గురించిన రాజకీయం వేరే వ్యాసం అడుగుతాయి.

ఊరు దాటి దక్షిణంగా నడిస్తే సౌత్ హెసరీ టోర్ వస్తుంది. దాని నెత్తిన బండలోకి దిగ్గొట్టిన ఒక ఇనుప మేకు ఉంటుంది. రాజుగారి వేట భూమికి ఇదొక హద్దు గుర్తు. అక్కడి నుంచి బాట పొడుగునా పొట్టి రాతి స్తంభాలు, వాటి మీద ప్లిమత్ నగర నీటి సరఫరా శాఖ పేరులోని పొడి అక్షరాలు, 1917 అనే సంవత్సరం. కొండల మీద పడ్డ వాన చుక్క ఏ హద్దుకు ఇవతల పడితే తమదో పట్టణం వాళ్లు రాసుకున్న లెక్క అది. తాగునీటి కోసం నగరాలు ఈ కొండ మీద హక్కు చెప్పడం 1591 నాటికే జరిగింది, ప్లిమత్ పట్టణం మూర్ అంచు నుంచి కాలువ తవ్వించుకున్నప్పుడు. మన బాటకు అడ్డొచ్చే డెవన్‌పోర్ట్ కాలువ 1790లలో నౌకా నిర్మాణ కేంద్రానికి నీళ్లు పంపడానికి తవ్వినది. వాలు తెలియనంత మెల్లగా, కొండ వంపులన్నీ చుట్టుకుంటూ, ఒకచోట కొండ కింద సొరంగంలో దూరి అవతల తేలుతుంది. వీటిని స్థానికులు లీట్ అంటారు. డార్ట్‌మూర్ మీద పరుగుపెట్టే నీటిలో ఏది వాగో ఏది కాలువో పోల్చుకోవాలంటే ఒక చిట్కా ఉంది: కొండకు అడ్డంగా నడిచే నీళ్లు మనుషులు నడిపిస్తున్నవి.

ఆ సొరంగం దగ్గర్లోనే నన్స్ క్రాస్ అనే రాతి శిలువ ఉంది. మనిషి నిలువుకన్నా ఎత్తు, మోటు చెక్కుడు, గాలికి కాస్త ఒరిగినట్టున్న నిలకడ. 1240లో రాజాజ్ఞ మీద పన్నెండుగురు నైట్లు ఈ వేట భూమి పొలిమేర వెంట తిరిగి హద్దులు రాసినప్పుడు ఈ శిలువ పేరు ఆ పత్రంలోకి ఎక్కింది. అప్పటికే అది అందరికీ తెలిసిన గుర్తు అన్నమాట. అయితే దగ్గరికి వెళ్లి చూస్తే నడిమిలో పగులు, దాన్ని పట్టి ఉంచిన ఇనుప బద్దలు కనిపిస్తాయి: 1846లో విరిగిపడితే రెండేళ్లకు అతికించారు. ఈ అతుకును దాచకుండా ఉంచినందుకు ఆ పని చేసినవాళ్లను మెచ్చుకుంటాను. ఎందుకంటే ఇటు నుంచి ముందుకు కనబడే ప్రసిద్ధ గుర్తులన్నీ ఇలా కూలి, మళ్లీ లేచినవే. చాలావాటి మీద అతుకు కనబడదు.

ఇక్కడి నుంచి తూర్పుగా దిగితే ఫాక్స్ టోర్ ఊబి. ప్రపంచమంతా ఎరిగిన ఒక అపరాధ పరిశోధన నవలలో గుర్రాన్ని మింగేసే ఊబికి ఇదే మూలమని చెబుతారు. ఊబి అంచున చైల్డ్ సమాధి అనే రాతిపెట్టె, దాని మీద శిలువ. వేటకు వచ్చి మంచు తుపానులో చిక్కుకున్న చైల్డ్ అనే ధనికుడు చలి ఓర్వలేక తన గుర్రాన్ని చంపి, కడుపు చీల్చి అందులో దూరాడని, అయినా గడ్డకట్టి చనిపోయాడని, ఎవరు తనను పాతిపెడతారో వాళ్లకే తన భూములని రక్తంతో రాశాడని, టావిస్టాక్ మఠం సన్యాసులు శవాన్ని ఎగరేసుకుపోయి ఆస్తి దక్కించుకున్నారని కథ. ఆ రాతిపెట్టె నిజానికి చైల్డ్ కన్నా వేల ఏళ్లు ముందున్న కంచుయుగపు సమాధి. 1812 ప్రాంతంలో పక్కనే సాగుకు దిగిన రైతు పైరాళ్లను ఇల్లు కట్టుకోవడానికి పట్టుకుపోయాడు. ఇప్పుడున్న శిలువ పందొమ్మిదో శతాబ్దపు చివర్లో కొత్తగా పెట్టినది. జనం ఫోటోలు తీసుకునేది ఆ కొత్త శిలువకే. కూలిన ఆ రైతు ఇల్లు కాస్త దూరంలోనే ఉంది, దాని వైపు ఎవరూ నడవరు. నా దృష్టిలో సమాధి కన్నా ఆ ఇల్లే ఎక్కువ చెబుతుంది: అంత చలిలో, అంత బురదలో ఒక కుటుంబం పశువులతో బతకాలని చూసింది, రాయికి రాయి ఏరుకుంది, గెలవలేకపోయింది. భయం పుట్టించే ఊబి, శాపాలు, దెయ్యపు వేటకుక్కలు ఇవన్నీ బయటి నుంచి వచ్చిపోయేవాళ్ల కల్పనలు. ఇక్కడ ఉండిపోయినవాళ్ల దిగులు మేత గురించి, కట్టెల గురించి, కౌలు గురించి ఉండేది.

నన్స్ క్రాస్ నుంచి నైరుతిగా వెళ్లే బాట ఐల్స్‌బారో తగరపు గని మీదుగా దిగుతుంది. నా వాదనకు పట్టుకొమ్మ ఈ చోటే కనుక ఇక్కడ కాసేపు నిలుస్తాను. బాట పక్కన పచ్చిక మీద జంట జంటగా పొట్టి గ్రానైట్ రాళ్లు, ఒక జంట తరవాత ఒకటి, గుట్ట మీదికి తిన్నగా సాగిపోతాయి. డార్ట్‌మూర్ ప్రాచీన రాతి వరుసల గురించి చదివి వచ్చిన ప్రతివాడూ మొదటిసారి ఇక్కడ ఆగి, నాలుగు వేల ఏళ్ల నాటి పూజారుల గురించి ఊహించుకోవడం మొదలుపెడతాడు. వంగి చూస్తే రాళ్ల తలల మీద గాడి కనిపిస్తుంది. ఇవి 1814 నుంచి 1852 దాకా నడిచిన గనిలో, దిగువ వాగు మీది నీటి చక్రం తిరిగే బలాన్ని ఎగువ గని బావిలోని పంపుల దాకా ముందుకూ వెనక్కూ లాగిన పొడవాటి ఇనుప కడ్డీలకు ఆసరాలు. కడ్డీలు పోయాయి, చక్రం పోయింది, తగరం కరగదీసిన కొలిమి పునాదులు వాలు కింద పడి ఉన్నాయి, రాళ్ల జంటలు మాత్రం మిగిలాయి.

మరికాసేపు దిగితే డ్రిజిల్‌కూమ్. ఇక్కడున్నవి అసలైన కంచుయుగపు వరుసలు: మూడు రాతి వరుసలు, ఒక్కొక్కదాని చివర ఒక నిలువురాయి, పక్కన పెద్ద సమాధి గుట్ట. నిలువురాళ్లలో పెద్దది నేల మీద 4.3 మీటర్ల ఎత్తు, డార్ట్‌మూర్ అంతటిలో ఇంతకన్నా పొడవైనది లేదు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణానది దగ్గర మనకున్న నిలువురాళ్లు చూసినవాళ్లు దీని ముందు నిలబడితే ఆ పోలికకు ఒక్క క్షణం మాట రాదు. ఆ ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి చేరింది. కాలాలు వేరు, మనుషులు వేరు, పోలికతో ఏదీ రుజువు కాదు. కాని ఒక తేడా చెప్పుకోదగ్గది. మన రాతి సమాధులకు ఊళ్లవాళ్లు రాక్షస గుళ్లని పేరు పెట్టి, చుట్టూ సాగు చేసుకుంటూ, కొన్నిటికి పసుపు కుంకుమలు పెడుతూ, కొన్నిటిని గట్టు రాళ్లకు వాడుకుంటూ వాటితో కలిసి బతుకుతున్నారు. డ్రిజిల్‌కూమ్‌లో రాళ్లను మనుషుల నుంచి విడదీసి చూడటం అలవాటైపోయింది. కాని ఈ మహాశిల కూడా తరతరాలుగా అలా నిలబడి లేదు. పడిపోయి ఉంటే 1893లో చరిత్ర మీద ఆసక్తి గల విక్టోరియా కాలపు పెద్దమనుషులు నిలబెట్టించారు. అంటే ఈనాడు మనం చూసే రూపంలో ఈ ‘ప్రాచీన’ నిలువురాయి వయసు పైనున్న గని కడ్డీల ఆసరాల కన్నా తక్కువ. రెండింటినీ రాతి పనివాళ్లే చెక్కి, మోసి, పాతారు. ఒకదానికి సంరక్షిత కట్టడమని భక్తి చూపి, ఇంకొకదాన్ని ప్రకృతికి తగిలిన గాయమని పెదవి విరిచే బాటసారులను నేను చూశాను. ఆ తేడా కేవలం దూరం వల్ల వచ్చినది: నాలుగు వేల ఏళ్లు గడిస్తే శ్రమ పవిత్రమవుతుంది, రెండు వందల ఏళ్లే అయితే చెత్తగా మిగులుతుంది.

ఇంకా లోతుకు వెళ్తే గట్ల సంగతి ఉంది. డార్ట్‌మూర్ వాలుల మీద గడ్డి కింద తక్కువ ఎత్తు రాతి కట్టలు కిలోమీటర్ల కొద్దీ ఒకదానికొకటి సమాంతరంగా సాగుతాయి. చాలాకాలం వీటిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1970ల నుంచి పురాతత్వవేత్త ఆండ్రూ ఫ్లెమింగ్ జరిపిన పరిశోధనతో ఇవి సుమారు క్రీ.పూ. 1500 నాటి పొలాల గట్లని, ఒక పథకం ప్రకారం కొండలను, లోయలను దాటించి వేసినవని తేలింది. మూర్ అంతటా గుడిసెల పునాది వలయాలే ఐదు వేల దాకా ఉన్నాయి. అంటే ఇప్పుడు భరతపక్షి కూత తప్ప ఏదీ వినిపించని ఈ బయలులో ఒకప్పుడు పొగలు, పిల్లల ఏడుపులు, మందల గంటలు ఉండేవి. అంతకన్నా ముందు ఇది చెట్లతో ఉండేదని పీట్‌లో చిక్కిన పుప్పొడి చెబుతుంది. చెట్లను నరికి, కాల్చి బయలు చేసినవాళ్లు మనుషులే. వాతావరణం చల్లబడి తడి పెరగడం, నేల సారం చావడం, కారణాలు ఏ పాళ్లలో కలిసినా, కంచుయుగం ముగిసేసరికి ఎత్తు నేల పొలాలు వదిలేసి కిందికి దిగిపోయినవాళ్లూ మనుషులే.

వాళ్లు ఎలాంటివాళ్లో ఒక్కసారి దగ్గరగా కనిపించింది. ఈ నడకకు దూరంగా ఉత్తర మూర్‌లో వైట్‌హార్స్ హిల్ మీద పీట్ గట్టు కోతకు గురై బయటపడ్డ రాతిపెట్టెను 2011లో తవ్వారు. సుమారు క్రీ.పూ. 1700 నాటి ఆ సమాధిలో దహనం చేసిన ఒక యువ వ్యక్తి ఎముకలు, వాటిని చుట్టిన ఎలుగుబంటి చర్మం, అల్లిన బుట్ట, దురదగొండి జాతి నారతోనూ తోలుతోనూ చేసిన పట్టీ, అంబరు, తగరం వంటి వాటితో చేసిన 200కు పైగా పూసలు దొరికాయి. మామూలు మట్టిలో ఇవన్నీ ఎప్పుడో మాయమయ్యేవి. నీళ్లు నిండి గాలి చొరని పీట్ వాటిని దాచింది. బురద అని తిట్టుకుంటూ దాటే నేలకు ఉన్న ఈ గుణాన్ని చివర్లో మళ్లీ వాడుకోవాలి.

డ్రిజిల్‌కూమ్ దిగువన డిట్స్‌వర్తీ వారెన్ హౌస్ అనే ఒంటరి రాతి ఇల్లు ఉంది. చుట్టూ పొడుగాటి మట్టి దిబ్బలు చూసి సమాధులనుకోవద్దు, మాంసానికీ బొచ్చుకీ కుందేళ్లను పెంచడానికి కట్టిన కలుగులు అవి.

పడమటి బాట వేరే స్వభావం గలది. టిర్విట్ 1823లో ప్లిమత్ నుంచి పైకి గుర్రాలు లాగే పట్టాల దారి వేయించాడు. పైకి సున్నం, కలప, కిందికి గ్రానైట్. 1883లో అదే వంపుల మీద ఆవిరి రైలు వచ్చింది, 1956లో ఆగిపోయింది. ఇప్పుడు ఆ కట్ట మీద నడుచుకుంటూ వెళ్తే ఫాగిన్‌టోర్, స్వెల్‌టోర్ క్వారీలు వస్తాయి. ఫాగిన్‌టోర్ లోపల నిలిచిన నీళ్లు, చుట్టూ నిటారు రాతి గోడలు, బయట పనివాళ్ల ఇళ్ల మొండి గోడలు. బండల అంచున వరుసగా అంగుళం వెడల్పు రంధ్రాల సగాలు కనిపిస్తాయి. తెలంగాణ, రాయలసీమల్లో వడ్డెరలు రాయి చీల్చిన చోట్లు చూసినవాళ్లకు ఆ గుర్తు కొత్త కాదు: గీత వెంట రంధ్రాలు తొలిచి, ఇనుప చీలలు దిగేసి, వరసగా సమ్మెట వేస్తూ పోతే రాయి ఆ గీత మీద విడిపోతుంది. డార్ట్‌మూర్‌లో గుండ్రటి రంధ్రాలుంటే సుమారు 1800 తరవాతి పని, పొడవాటి గాడులుంటే అంతకు ముందుది. బాట మీద నడుస్తూనే తేదీలు వేసుకోవచ్చు.

స్వెల్‌టోర్ దగ్గర పాత పట్టాల పక్కన గడ్డిలో డజను చెక్కిన రాళ్లు వరుసగా పడి ఉన్నాయి. లండన్ బ్రిడ్జిని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వెడల్పు చేసినప్పుడు కాలిబాటలకు ఆసరాగా చెక్కిన దిమ్మెలలో ఇవి మిగులు. మిగతావన్నీ లండన్ వెళ్లి వంతెనలో కలిశాయి. ఆ వంతెనను ముక్కలు చేసి అమెరికాకు అమ్మితే 1971లో అరిజోనా ఎడారిలో లేక్ హవాసూ దగ్గర మళ్లీ తెరిచారు. వందేళ్లు దాటినా ఈ డజను రాళ్ల ఉలి చారలు అరగలేదు. ఇలాంటిది చూశాక కూడా మనిషి చెయ్యి పడని సీమ అని రాసేవాళ్లు నేల వైపు చూడకుండా నడుస్తున్నారనుకోవాలి.

ఇంకా ముందుకు వెళ్తే మెరివేల్. రెండు జంట రాతి వరుసలు, పొడవైనది సుమారు 260 మీటర్లు, రాళ్లు మాత్రం చాలావరకు మోకాలెత్తువే. దగ్గర్లో గుడిసె వలయాల మధ్య ఆపిల్ పళ్లు నలిపే పెద్ద తిరగలి రాయి ఒకటి, సగం చెక్కి వదిలేసింది, పడి ఉంది. ఏ పందొమ్మిదో శతాబ్దపు పనివాడో కంచుయుగపు ఊళ్లో కూర్చుని దాన్ని చెక్కాడు. 1625లో టావిస్టాక్‌లో ప్లేగు వచ్చినప్పుడు పల్లెవాళ్లు ఆహారం ఈ రాళ్ల దగ్గర పెట్టి దూరంగా తప్పుకునేవారని, పట్టణంవాళ్లు వచ్చి డబ్బు వదిలి పట్టుకెళ్లేవారని చెప్పుకుంటారు. రెండు వరుసలకూ నడిమిలో పొలాలకు నీళ్లు తీసుకెళ్లే కాలువ ఒకటి గలగలా పారుతుంది. ఆ కాలువ అక్కడ ఉండటం పవిత్ర స్థలానికి అపచారమని ఒక మిత్రుడు నాతో వాదించాడు. రాతి వరుసల పని ఎప్పుడో ముగిసింది, కాలువ ఇంకా పని చేస్తూనే ఉంది. నన్నడిగితే ఆ చోటికి ఎక్కువ హక్కు కాలువదే.

ఇన్ని చెప్పినా ఒక ఆక్షేపణ మిగులుతుంది. చరిత్ర ఏదైనా కానీ, పొగమంచులో ఒంటరిగా నిలబడ్డప్పుడు కలిగే ఏకాంతం నిజం కాదా, దానికోసమే కదా జనం వెళ్లేది అని. నిజమే, నేనూ అందుకే వెళ్తాను. ఊళ్లలో ఇరుగుపొరుగుల నడుమ బతికి, ఆ తరవాత పరాయి దేశపు అపార్టుమెంట్లలో ఇరుక్కున్న నాలాంటివాళ్లకు కనుచూపు మేర ఎవరూ లేకపోవడం ఎంత ఊరటో చెప్పలేను. కాని ఆ ఊరట కోసం ఆ నేల చరిత్రను తుడిచివేయనక్కరలేదు. పైపెచ్చు ఆ ఏకాంతానికి గొడుగు పట్టినది కూడా మనుషులు రాసుకున్న చట్టమే. 1985 నాటి డార్ట్‌మూర్ ఉమ్మడి భూముల చట్టం అక్కడ కాలినడకన, గుర్రం మీద తిరిగే హక్కు ప్రజలకు ఇచ్చింది. భూయజమానులు కొందరు, వీపు సంచిలో మోసుకెళ్లే చిన్న గుడారం వేసుకుని రాత్రి పడుకోవడం ఆ హక్కులోకి రాదని కోర్టుకెక్కితే, 2023 జనవరిలో హైకోర్టు వాళ్ల వైపు మొగ్గింది, అదే ఏడాది జులైలో అప్పీలు కోర్టు తిరగరాసింది, 2025 మే 21న సుప్రీంకోర్టు హక్కు ఉందని ఏకగ్రీవంగా తేల్చింది. ఈ తీర్పు సరైనదని నా అభిప్రాయం. వేల ఏళ్లుగా మనుషులు నిద్రపోయిన కొండ మీద ఒక రాత్రి నిద్ర చొరబాటు ఎలా అవుతుంది?

మేత గురించిన గొడవ ఇంతకన్నా చిక్కుది. పర్యావరణ వనరులను చూసే నేచురల్ ఇంగ్లండ్ సంస్థ 2023 మొదట్లో మూర్ మీద మేపే పశువులను, ముఖ్యంగా చలికాలపు గొర్రెలను, బాగా తగ్గించాలని పశుపోషకులకు ఉత్తరాలు రాసింది. వాళ్లు భగ్గుమన్నారు. ప్రభుత్వం వేసిన స్వతంత్ర సమీక్ష ఆ ఏడాది డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఒక పక్షం కొండను ప్రకృతికి తిరిగి ఇచ్చేయమంటుంది, మరో పక్షం ఎప్పటిలా ఉండనివ్వమంటుంది. ఈ రెండు వాదాలనూ నేను అడిగేది ఒకటే: ఏ సంవత్సరపు కొండ కావాలి మీకు? చెట్లున్ననాటిదా, గట్లు వేసిన క్రీ.పూ. 1500 నాటిదా, వేట భూమికి హద్దులు రాసిన 1240 నాటిదా, కొలిమి పొగ కమ్మిన 1830 నాటిదా, సబ్సిడీల కోసం తలల లెక్క పెంచుకుంటూ గొర్రెలను నింపిన గత శతాబ్దపు చివరిదా? ఎప్పటిలా అనే కాలం లేదు, ప్రకృతి అనే వాపసు చిరునామా కూడా లేదు.

ఏ తేదీకీ వెనక్కి పోలేమని ఒప్పుకుంటే మిగిలేది చోటును బట్టి పని. లోతు పీట్ ఉన్న ఉత్తర, దక్షిణ మిట్టల మీద పాత కాలువలకు, కోతలకు అడ్డుకట్టలు వేసి నీళ్లు నిలపాలి. పీట్ ఎండితే కర్బనం గాలిలోకి పోవడం ఒక నష్టం, వైట్‌హార్స్ హిల్ లాంటి సమాధులు ఇంకా లోపల ఉంటే అవి కుళ్లిపోవడం రెండో నష్టం. రాతి వరుసలు, గుడిసె వలయాలు, గని కట్టడాలు ఉన్న వాలుల మీద ఇందుకు విరుద్ధంగా పశువులు కావాలి. మేత ఆగిన చోట మొలీనియా అనే మొండి గడ్డి దుబ్బుకట్టి అన్నిటినీ కప్పేస్తుంది, బ్రాకెన్ ఫెర్న్ వేళ్లు పురాతన నేల పొరలను చీలుస్తాయి. మొలీనియాను లేత దశలో, వేసవి మొదట్లో తినేవి ఆవులు, పొట్టి గుర్రాలు. గొర్రెలు దాన్ని వదిలి మిగిలిన మెత్తటి మొక్కలను తింటాయి. కనుక తలల మొత్తం తగ్గించమని చెప్పే లెక్క కన్నా ఏ పశువు, ఏ నెలలో, ఏ వాలు మీద అన్న లెక్క కావాలి. సమీక్ష కూడా చాలావరకు ఈ దిక్కుకే మొగ్గింది.

ఆ లెక్క తెలిసినవాళ్లు తరతరాల పశుపోషకులు. కంచెలు లేని ఆ బయలులో ప్రతి మందకూ తన చోటు తెలుసు. గొర్రెపిల్ల తల్లి వెంట తిరిగి ఏ వాలు తమదో, గాలి ఎటు నుంచి వచ్చినప్పుడు ఎక్కడ దాగాలో నేర్చుకుంటుంది, అది తన పిల్లకు నేర్పుతుంది. మందను ఒక్కసారి కొండ దించి అమ్మేస్తే ఆ నేర్పు తెగిపోతుంది. తరవాత ఎప్పుడో మేత మళ్లీ కావాలనుకుని కొత్త పశువులను తోలితే అవి నిలవవు, ఏళ్ల తరబడి మనుషులు వెంట ఉండి కాయాలి. చెల్లింపుల ఒప్పందాలు కొన్నేళ్లకోసారి మారతాయి, మంద జ్ఞాపకం అంత త్వరగా తయారు కాదు. డ్రిజిల్‌కూమ్ రాయి పడిపోతే మళ్లీ నిలబెట్టగలిగారు, నన్స్ క్రాస్ విరిగితే ఇనుముతో అతికించగలిగారు. కొండ దిగిన మందకు అలాంటి అతుకు లేదు కనుక, గొర్రెల సంఖ్య మీద సంతకం పెట్టే అధికారి ముందుగా ఆ మందల వెంట ఒక చలికాలం నడిచి రావాలని నేను కోరతాను.